వాసన కిందికి దిగిన గడ్డి

ఒకప్పుడు వట్టివేరుకి ఆ పేరు లేదు. పూలగడ్డి అనేవారు. దాని పువ్వు వాసనకి గాలి కూడా దారి మరిచిపోయి అక్కడక్కడే తిరుగుతుండేది. వేరంటారా, వెంట్రుకంత!

ఆ గడ్డి ఉండేది గోదారి నడుమ ఒక లంకలో. గోదారమ్మకి అప్పట్లో నిద్ర ఎక్కువ. కలల్లోనే ప్రవహించేది. అటు ఒత్తిగిల్లితే అటు గట్టు, ఇటు ఒత్తిగిల్లితే ఇటు గట్టు మెత్తగా జారి నీళ్లలో కలిసిపోయేది. పాపం, ఆవిడ తెలిసి చేసింది కాదు.

ఒక వానాకాలం లంకవాళ్లంతా సభ చేశారు. తాబేలు తాత తలకి తామరాకు పాగా చుట్టి, "ఇక నువ్వే గట్టుపెద్దవి. గట్టు కోసం ఎవరినైనా, ఏమైనా అడిగే అధికారం నీదే" అన్నారు. ఈలలు వేశారు, గంతులు వేశారు.

తాత సంబరంగా బయల్దేరాడు. "తలా కాస్త బలం ఇవ్వండర్రా, గట్టు నిలబెడదాం!"

"నాకు రెక్కలున్నాయి. నేను వేరు" అంది కొంగ.

"వరద నా మోకాలిదాకా రాదు. నేను వేరు" అంది తాడిచెట్టు.

"నీళ్లొస్తే నాకు పండగ. నేనూ వేరే" అంది పీత.

అధికారం ఇవ్వడానికి అందరూ ఉన్నారు, బలం ఇవ్వడానికి ఒక్కరూ లేరు. ఉత్త పాగా ఏ వరదని ఆపుతుంది? తాతకి ఏడుపొచ్చింది.

"అందరూ వేరు వేరంటే, ఇక గట్టుకి వేరు ఎక్కడిదర్రా?" అన్నాడు.

ఆ మాట పూలగడ్డి చెవిన పడింది. అప్పుడే గట్టు బొరియలోంచి లకుముకిపిట్ట తల బయటపెట్టింది.

"అక్కా, నా పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. గోదారమ్మ ఇటు తిరిగిందంటే..." అంటూ వెనక్కి బొరియలోకి చూసుకుంది.

గడ్డి తన పువ్వుకేసి చూసుకుంది. "నా బలమంతా పువ్వు వాసనలోనే ఉంది తాతా. అది ఇచ్చేస్తే ఇక నా దగ్గరికి ఎవరొస్తారు?"

"అడిగే అధికారం ఉంది గానీ తల్లీ, నిన్ను అడగడానికి నాకు నోరు రావడం లేదు" అన్నాడు తాత.

గడ్డి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు మూసుకుని తన వాసననంతా కిందికి పంపేసింది. వాసన వెంటే వేళ్లు దిగాయి. ఇసుకని పట్టుకుంటూ, బొరియ చుట్టూ అల్లుకుంటూ, చీకట్లో చాలా లోతుకి దిగాయి.

"పువ్వు వాసన పోయిందోచ్! నీకు మిగిలింది వట్టి వేరే!" అని పీత పకపకా నవ్వింది. ఆ వెక్కిరింపే దానికి పేరైపోయింది.

అంతలో గోదారమ్మ ఇటు ఒత్తిగిల్లింది. నీళ్లు వేళ్లని తాకాయి. తడిసిన వేళ్లలోంచి చల్లటి వాసన లేచింది.

"ఎవరమ్మా, ఇంత హాయిగా..." అని ఆవిడ కలవరించి, ఉన్నచోటే సర్దుకుని పడుకుంది. గట్టు నిలిచింది. బొరియలో పిల్లలు కిచకిచలాడాయి.

అప్పటినుంచే ఆ గడ్డికి పువ్వులో వాసన లేదు, వేరులోనే ఉంది. ఎండాకాలం వట్టివేరు తడిక మీద నీళ్లు చల్లి చూడండి. పాపం, వరదొచ్చిందనుకుంటుంది. లోపల ఎవరి పిల్లలో పడుకుని ఉన్నారని, ఉన్న వాసనంతా ఇచ్చేస్తుంది.