అక్కసు పెట్టె

వంక అవతలున్న వైద్యశాలకు ఇంటర్నెట్టు అందించే పని ఓబులేసు మీద పడి పదకొండు రోజులైంది. ఇంకా అందలేదు.

ఆశ్రమం గుట్ట మీద ఉంది, ఇంటర్నెట్టు తీగ భూమిలోంచి అక్కడి దాకా వచ్చింది. గుట్ట కింద పారే వంకకు అవతల వైద్యశాల. కేకేస్తే వినపడేంత దూరమే. కానీ తీగ లాగితే మూడో రోజుకల్లా కోతులు తెంపి పారేస్తాయి. సెల్‌ఫోను ఆ చుట్టుపక్కల ఎక్కడా పలకదు. అందుకని ఓబులేసు పట్నం పోయి రెండు తెల్లటి పెట్టెలు తెచ్చాడు. ఒక్కొక్కటీ చపాతీ పీటంత ఉంటుంది. ఒకటి ఆశ్రమంలో, ఒకటి వైద్యశాల కప్పు మీద. అవి రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటే చాలట, ఈ ఇంటి ఇంటర్నెట్టు తీగ లేకుండా గాలిలోనే ఆ ఇంటికి పోతుందట. వింతే కదా!

వాటిని యాక్సెస్ పాయింట్లు అంటారని చెప్పాడు. వంటింట్లో ఆడవాళ్ల చెవికి అది అక్కసు పాయింటుగా వినపడింది.

"పేరులోనే అక్కసు పెట్టుకున్నది మనకేం మేలు చేస్తాదిలే ఓబులేసూ!" అని నవ్వేవాళ్లు.

ఓబులేసుకు నవ్వు రాలేదు. అవతల కుళ్లాయప్ప మంచం మీద ఉన్నాడు. చక్కెర జబ్బు, అరికాలిలో మానని పుండు. మూడు ఆస్పత్రులు తిరిగితే మూడింటిలోనూ పాదం తీసెయ్యాలన్నారు. దూరదేశంలో ఉన్న ఒక డాక్టరమ్మ మాత్రం, "తెర మీద నన్ను ఒకసారి చూడనివ్వండి, తర్వాత చెబుతాను" అంది. ఆమె ప్రతి గురువారం పది గంటలకు కనపడుతుంది. పోయిన గురువారం తెర మీద ఆమె ముఖం సగం తెరిచిన నోటితో అట్లే నిలిచిపోయింది. పాదం చూడటం కుదరలేదు. ఇంకో వారం దాటితే చూసినా లాభం లేదని నర్సు షహనాజ్ చెప్పింది.

పని తెలియక కాదు ఓబులేసుకు. ఐటీఐ చదివాడు, ఆశ్రమానికి రాకముందు ఆరేళ్లు కేబుల్ టీవీ పని చేశాడు. చిక్కు వేరే ఉంది.

ఆశ్రమం హాలులో ఒక రాతి బండ. దాని మీద పెద్ద గురువు నింగన్న తాత విడిచిన కట్టె పాదుకలు. ఆయన పోయి ముప్పై ఏళ్లైనా ఆయన విడిచిన చోటే ఉన్నాయి. ఎవరూ కదపరు. ఆ పాదుకల కంటే ఎత్తులో ఏ వస్తువూ ఉండకూడదని ఆశ్రమంలో నియమం. గోడ గడియారం మోకాటి ఎత్తున ఉంటుంది, టైము చూడాలంటే కూర్చోవాలి. ఫ్యాను నేల మీద తిరుగుతుంది. మేడ మీదికి ఎవరూ ఎక్కరు. వాడక లేని ఆ మెట్ల సందుల్లో గడ్డి మొలిచింది. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇప్పటి గురువు తిప్పమ్మ పెట్టలేదు. తీసెయ్యనూ లేదు.

అందుకే ఓబులేసు తన పెట్టెను కిటికీ కింద నేలకు ఆనించి పెట్టాడు. అక్కడ గోడకు గాలి కోసం వదిలిన పెద్ద కంత ఉంది. ఆ కంతలోంచి పెట్టె వంక వైపు చూస్తూ ఉంటుంది. పెట్టె బలం చాలడం లేదనుకుని గొడ్లపాకలో ఇంకొకటి, ఆశ్రమం ప్రహరీ బయట ఎత్తుగా కట్టిన నీళ్ల తొట్టి పక్కన మరొకటి తెచ్చి పెట్టాడు. బిందె నుంచి బిందెకు వంచేకొద్దీ నీళ్లు ఒలికినట్టు, పెట్టె నుంచి పెట్టెకు మారేకొద్దీ ఇంటర్నెట్టు పలచబడిందే గానీ పెరగలేదు.

బుధవారం మధ్యాహ్నం తిప్పమ్మ వచ్చి అతని పక్కన చతికిలబడింది. డెబ్బై దాటిన మనిషి. కొత్త వస్తువు కనిపిస్తే చంటిపిల్ల మాదిరి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది.

"ఏం నాయనా, ఇది ఏం చేస్తాది?"

"అవతలి పెట్టెను చూస్తాదమ్మా."

"దీనికి కండ్లు యాడుండాయి?"

"కండ్లుండవమ్మా. ఈ ముఖం అటుపక్క తిప్పి పెడితే చాలు."

"అట్లనా! మరి చూస్తాందా?"

ఓబులేసు పెట్టె ముఖాన్ని ఇంకొంచెం అటు తిప్పాడు.

తిప్పమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది. నేల మీద బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించి, పెట్టె పక్కనే తల పెట్టి, కంతలోంచి చాలాసేపు చూసింది.

"తొట్టి కనపడతాంది" అంది. "తొట్టి మీద కాకి కనపడతాంది. కాకి బాగుంది."

వంటింటి గుమ్మంలో నిలబడిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఓబులేసు ముఖం ఎర్రబడింది.

"ఇంతకంటే ఎత్తు పెట్టలేనమ్మా. తాత పాదుకల కంటే సరిగ్గా నాలుగు వేళ్లు కింద ఉంది."

"కొలిచినావా?"

"కొలిచినానమ్మా." ఆ మాట చెప్పేటప్పుడు అతని మెడ కొంచెం నిటారయింది. "నెట్టు రాకపోతే పోనీ, నా చేతి మీదుగా మర్యాద మాత్రం తప్పదు."

తిప్పమ్మ లేచి చెంపకు అంటిన దుమ్ము తుడుచుకుంది. "మంచిది" అని వెళ్లిపోయింది. ఏది మంచిదో అతనికి తెలియలేదు. ఆ సాయంత్రం ఇంకో పెట్టె కట్టాడు.

గురువారం పదికి ఇంకా పావుగంట ఉంది. అవతల నుంచి షహనాజ్ కేక వినపడింది.

"ఓబులేసన్నా! తెర తిరుగుతానే ఉంది! ఏమీ రాలేదు!"

ఓబులేసు తీగలు పీకి మళ్లీ పెట్టాడు. ఆర్పి మళ్లీ వెలిగించాడు. వెనక అడుగుల చప్పుడైంది. తిప్పమ్మ వంగి, కంత ముందున్న పెట్టెను రెండు చేతులా తీసుకుంది. తీగ చుట్ట విప్పి కిటికీ బయటికి విసిరింది. పెట్టెను నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది. ఆమె వెంట తీగ పాములాగా కదిలింది. గడ్డి మొలిచిన మెట్ల మీద ఒక్కో అడుగూ వేస్తూ మేడ ఎక్కింది.

వంటింట్లో నవ్వు ఆగిపోయింది.

ఓబులేసు పరుగున మెట్ల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"అమ్మా! వద్దమ్మా!"

"తీగ కొంచెం వదులు నాయనా, మెడకు తగుల్తాంది."

అతను తీగ వదులు చేశాడు. ఆమె మేడ అంచుకు పోయి వంక వైపు తిరిగింది. పిట్టగోడ పొట్టిది, దాని మీద పెట్టినా తొట్టి అడ్డమే. ఆమె నెత్తి ఎత్తుకు వస్తే మాత్రం తొట్టి పైనుంచి వైద్యశాల కప్పు తేటగా కనపడుతుంది.

"దీంట్లో దీపాలు వెలగాలన్నావే, ఎన్ని?"

"నాలుగమ్మా. నాలుగూ వెలిగితే దారి బాగున్నట్టు."

"ఇప్పుడెన్ని వెలిగినాయి?"

"ఇక్కడి నుంచి నాకు కనపడదమ్మా."

"నా నెత్తి మీదిది నాకూ కనపడదు. ఎవరో ఒకరు ఎక్కి చూసి చెప్పాల."

ఓబులేసు మొదటి మెట్టు వైపు చూశాడు. షహనాజ్ మళ్లీ కేక వేసింది, ఈసారి గొంతులో ఏడుపు ఉంది. అతను కళ్లు మూసుకుని ఎక్కాడు. పైకి వచ్చాక కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మునివేళ్ల మీద నడిచాడు. సరిగ్గా ఆ బండ ఎక్కడుంటుందో లెక్క వేసుకుని, ఆ చోటు తప్పించి చుట్టూ తిరిగి వచ్చాడు.

"తాత పాదుకలు మన కాళ్ల కింద ఉండాయమ్మా" అన్నాడు.

తిప్పమ్మ తల కదపలేదు.

"తాత ఏసుకున్నప్పుడు కూడా అవి కిందనే ఉండె, నాయనా."

ఓబులేసు పెట్టె వెనక్కి వచ్చి చూశాడు. మూడు దీపాలు. ఆమె భుజాలు పట్టుకుని వెంట్రుకవాసి ఎడమకు తిప్పాడు. నాలుగు.

"నాలుగమ్మా!"

"అయితే పో. అక్కడ మనిషి కావాల."

"నేను కర్ర పాతి కడతానమ్మా, నువ్వెంతసేపు నిలబడతావు?"

"పది ఎంతసేపుంటాదో అంతసేపు. నీళ్లు మోసిన తలకాయ ఇది. పో."

అతను మెట్లు దిగి, వంక దిగి, మళ్లీ ఎక్కి, రొప్పుతూ వైద్యశాలలోకి వచ్చి పడ్డాడు. తెర మీద డాక్టరమ్మ ఉంది. ఆమె కళ్లద్దాలు పైకి జరుపుకోవడం కూడా కనపడుతోంది. షహనాజ్ ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో దీపం పట్టుకుని ఉంది. కుళ్లాయప్ప మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"కట్టు విప్పారు కదా, పాదం పైకెత్తండి. అరికాలు కనపడాలి" అంది డాక్టరమ్మ.

కుళ్లాయప్ప ఎత్తబోయాడు. తొడ వణికి కాలు కింద పడింది. "నా వల్ల కాదమ్మా" అన్నాడు సిగ్గుగా.

ఓబులేసు అతని ముందు నేల మీద కూర్చున్నాడు. ఆ పాదాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకున్నాడు. వేడిగా ఉంది. చీము వాసన వేస్తోంది.

"ఇంకా పైకి" అంది డాక్టరమ్మ.

గుండెల దాకా ఎత్తాడు.

"ఇంకా."

తన తల దాటించి ఎత్తాడు.

"అంతే. అట్లాగే ఉంచండి. కుళ్లాయప్పగారూ, వేళ్లు ఆడించండి."

కుళ్లాయప్ప పళ్లు బిగబట్టాడు. బొటనవేలు కదిలింది. తర్వాత దాని పక్క వేలు. డాక్టరమ్మ తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"ఈ పాదాన్ని ఉంచుకుందాం" అంది.

షహనాజ్ దీపం పక్కన పెట్టేసి కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ మందుల పేర్లు చెప్పింది, షహనాజ్ రాసుకుంది. తెర చీకటైంది.

"చూడ్డం అయిపాయ, ఇంక దించు ఓబులేసన్నా" అంది షహనాజ్.

ఓబులేసు దించలేదు.