గాదె కింద గడ్డి

అనగనగా ఓ కొండ మీది ఊళ్ళో, పొద్దెక్కేదాకా మంచు గుమ్మం ముందే కూర్చుని కదలని ఊళ్ళో, చిలకమ్మ అని ఒక పిల్ల ఉండేది. పిల్లంటే నీ అంత కాదు బంగారం, పెళ్ళీడుది. నోరు మాత్రం ఊరంత. ఎవరితో వాదం పెట్టుకున్నా గెలిచాకే లేచేది.

ఆ ఏడు వాళ్ళ అన్న లింగన్న, సముద్రం ఒడ్డు ఊరి పిల్ల నూకాలును పెళ్ళి చేసుకొచ్చాడు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన నూకాలుకి పుష్యమాసం వచ్చేసరికి చేతులు కొంకర్లు పోయాయి. పొద్దున్నే లేవలేకపోయేది.

అప్పుడు చిలకమ్మకి వేళాకోళం దొరికింది. మొదటిరోజు ఊటబావి దగ్గర, మా వదిన ఉప్పుబొమ్మ, మంచు తగిలితే కరిగిపోతుందని చెప్పింది. ఆడవాళ్ళు నవ్వారు. రెండోరోజు వాళ్ళని ఇంటికే పిలిచి, వదిన దుప్పటి లాగేసింది. ఇంకా నవ్వారు. నూకాలు ఆ దుప్పటే తీసి మడతపెట్టింది. తిరిగి మాట అనని మనిషి మీద గెలవడం ఎంత తేలికో అనుకుంది చిలకమ్మ.

వాళ్ళింట్లో చోళ్ళ గాదె ఉండేది, చోళ్ళంటే రాగులే. దాని కింద గడ్డిలో ఒక జెర్రిపోతు. విషం లేని పాము, ఎలుకల్ని తిని గింజల్ని కాచేది. పుష్యం వెళ్ళేదాకా గాదె కింద గడ్డి కదపకూడదని ఆ ఊరి కట్టుబాటు.

మూడోరోజు చిలకమ్మ ఆ గడ్డే లాగేసింది. చలికి తాడులా బిగుసుకున్న పాముని కర్రతో ఎత్తి తెచ్చి, నూకాలు గది గుమ్మంలో పడేసింది. ఆ తర్వాత వాకిట్లో చేరిన ఆడవాళ్ళందరికీ వినపడేలా అంది.

"వదినా, నీ తోబుట్టువు వచ్చింది చూడు. మీ ఇద్దరికీ ఎండెక్కితే గాని తెల్లారదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నూకాలు కేకలు పెడుతుందనుకుంది చిలకమ్మ. పెట్టలేదు. కొంకర్లు పోయిన చేతులతోనే పాముని చేటలోకి ఎత్తుకుని, ఎండ పడే బండ మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

అప్పుడు పక్కింటి దేముడు తాత వచ్చాడు. చిలకమ్మ ఆయనతోనూ వాదానికి దిగింది. వెదురు పొదలో పచ్చపింజర పాము ఇదే మంచులో కొమ్మ పట్టుకుని ఉంటోంది కదా, వాగులో నీరుకట్టె ఇదే చలిలో కప్పల కోసం తిరుగుతోంది కదా, మరి దీనికేం రోగం అంది. తాత కోప్పడలేదు. పాముకి ఒంట్లో సొంత వేడి ఉండదని, బయట ఎంత చలో లోపలా అంతేనని చెప్పాడు. ఒక్కో జాతి ఒక్కో మేరకే ఓర్చుకుంటుందట. పచ్చపింజర ఈ చలిలోనే పుట్టింది. జెర్రిపోతుకి ఆ గడ్డే ప్రాణం.

నూకాలు తల తిప్పకుండానే అంది. "ఈ చలి నాకింకా అలవాటు కాలేదు చిలకమ్మా. చేసుకుంటున్నాను."

చిలకమ్మ సిగ్గుతో తల దించుకుంది.

మధ్యాహ్నానికి పాము నాలుక ఆడించింది. ఆ తర్వాత మెల్లగా పాక్కుంటూ, గాదె వైపు రాకుండా రాళ్ళలోకి వెళ్ళిపోయింది. సాయంత్రం నూకాలు చీరలు మూట కట్టుకుంది. తెల్లారి సంతకి దిగేవాళ్ళతో పుట్టింటికి పోతానంది, మళ్ళీ రానంది. లింగన్న గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు గాని చెల్లెలి వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

తప్పయిందని చెబుదామని చిలకమ్మ మూడుసార్లు వదిన గుమ్మం దాకా వెళ్ళింది. మూడుసార్లూ పాముని పడేసిన చోటు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. అన్ని వాదాలు గెలిచిన నోరు, పెగల్లేదు.

తెల్లారకముందే లేచింది. వాకిట్లో చెల్లాచెదరైన గడ్డిని పరకా పరకా ఏరి గాదె కింద సర్దింది. ఆ తర్వాత పొయ్యి రాజేసింది. ఆ తర్వాత నీళ్ళు కాచింది. అప్పుడు నూకాలు మూటతో బయటికొచ్చింది.

"వదినా, నీళ్ళు కాగాయి," అంది చిలకమ్మ, తలెత్తకుండా. అంతకు మించి మాట రాలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు వచ్చాయి.

నూకాలు పొయ్యి వైపు చూసింది. ఆ తర్వాత మూట దించి, అందులోంచి ఒక చీర తీసి కప్పుకుని, పొయ్యి దగ్గర కూర్చుంది.

"పొద్దెక్కాక వెళ్తాలే," అంది.

పొద్దెక్కింది. వెళ్ళలేదు.

జెర్రిపోతు మాత్రం ఆ ఏడు రాలేదు. సగం చోళ్ళు ఎలుకలే తిన్నాయి. చిలకమ్మ రోజూ పొయ్యి రాజేసే ముందు గాదె దగ్గర వంగి చూసేది, గడ్డి కదపకుండా.

కథేమో కంచికి,
గడ్డేమో గాదెకి,
మనమేమో ఇంటికి,
నిద్రేమో నీ కంటికి.