పెట్టె పంపిన కబురు

జహీర్‌కి ఆ పెట్టె మీద దిగులు పట్టుకుంది.

కడప దగ్గర కొండవార ఉన్న ఒక ఖాన్‌ఖాలో, అంటే సూఫీల మఠంలో, అతను శిష్యుడు. కంప్యూటర్ చదువు చదివినవాడని, ఒకప్పుడు ఆ మఠానికి గురువుగా ఉండి కాలం చేసిన పెద్ద పీర్ గారి ప్రసంగాలు భద్రం చేసే పని గురువుగారు అతనికే అప్పగించారు. క్యాసెట్లు ఎప్పుడో బూజు పట్టి పాడైపోయాయి. వాటిలోంచి అంతకుముందే ఎక్కించిన ఆ గొంతు ఇప్పుడు నెట్‌వర్క్‌కి కలిపిన ఓ స్టోరేజీ పెట్టెలో ఉంది. అందులో రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది.

పెట్టె మూలగదిలో తన మానాన తను నడుస్తూ ఉండేది. లోపల ఏం జరుగుతోందో బయటికి తెలిసేది కాదు. చెప్పాపెట్టకుండా ఆగిపోతే? ఆ భయంతో జహీర్‌కి నమాజులో కూడా మనసు నిలిచేది కాదు.

చివరికి, పెట్టె బాగోగులు కనిపెట్టి ఫోనుకి కబురు పంపే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి కూర్చున్నాడు. పాత పెట్టె, మెమరీ తక్కువ. మొదట మొరాయించింది. అక్కర్లేనివన్నీ తీసేసి, మళ్లీ ఎక్కించి, మధ్యాహ్నానికి ఎలాగో నడిపించాడు.

కాసేపటికే ఫోను మోగింది. తెర మీద ఎర్ర గుర్తు.

జహీర్ మిగతాది చదవనేలేదు. వరండాలో పావురాలకు గింజలు చల్లుతున్న గురువుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన్ని అందరూ బాబా అనే పిలిచేవారు. అంతా పోయిందని, ఇంకాస్త ముందే చూసుకోవాల్సిందని, పెద్ద పీర్ గారి గొంతు ఇక వినలేమని ఏదేదో చెప్పాడు.

బాబా అంతా విని, పక్కన కూర్చోమన్నారు.

"ఆ ఫోనులో వచ్చింది పైనుంచి చదువు."

"ఫ్యాన్ తిరుగుతోంది, బాబా."

"షుకర్," అన్నారు బాబా. అన్నం తిన్నాక దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నంత నిదానంగా.

"వేడి ఎక్కువేం లేదు."

"షుకర్."

"కరెంటు సరిగ్గా అందుతోంది. మొదటి డిస్కు బాగుంది. ఫైళ్లన్నీ..." జహీర్ ఆగాడు. ఆ వరస ఇంతవరకు చూడనేలేదు. "ఫైళ్లన్నీ ఉన్నాయి, బాబా."

"షుకర్. తర్వాత?"

"రెండో డిస్కు చెడిపోతోంది."

"షుకర్."

సరిగ్గా వినబడలేదేమోనని జహీర్ మళ్లీ చెప్పాడు.

"పోకముందే చెప్పింది కదా, బేటా," అంటూ బాబా లేచి చెప్పులు వేసుకున్నారు. "పద, కొత్తది తెచ్చుకుందాం."

ఇద్దరూ ఊళ్లోకి వెళ్లి డిస్కు తెచ్చారు. మర్నాటికల్లా ప్రసంగాలన్నీ దాంట్లోకి చేరాయి. ఒకటి పెట్టి వినిపిస్తే, మధ్యమధ్య పెద్ద పీర్ గారి దగ్గు కూడా చెక్కుచెదరకుండా ఉంది. బాబా తల వంచుకుని విన్నారు. జహీర్ కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత అతను పాత డిస్కుని చెత్తబుట్టలో పడేయబోయాడు. బాబా రెండు చేతులూ చాపారు. దాన్ని అందుకుని, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, కళ్లకద్దుకున్నారు.

"ఇన్నేళ్లు మోసింది," అన్నారు.

తిరిగి ఇస్తుంటే జహీర్ కూడా రెండు చేతులూ పట్టాడు. చెత్తబుట్ట దాకా మాత్రం వెళ్లలేకపోయాడు.