ఎర్రదీపాల టోపీ

నరహరి మాస్టారికి ఒక అలవాటుంది. మృదంగం శ్రుతి చేసేటప్పుడు ఎదుట కూర్చున్న శిష్యుణ్ణి కళ్ళు మూసుకోమంటారు. కళ్ళు తెరిచి ఉంటే చెవి బద్ధకిస్తుందని ఆయన వాదన. తెనాలిలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు, ఆ గది గోడలకన్నా తమ రెప్పల వెనక చీకటినే ఎక్కువ చూశామని ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఆ శిష్యుల్లో ఫణిభూషణం గట్టివాడు. వేళ్ళలో సత్తా ఉంది, లయలో తడబాటు లేదు. కష్టమల్లా నెత్తిమీదే. ముప్పై నిండకుండానే నుదురు వెనక్కి జరిగి నడినెత్తిని పలకరించబోతోంది. అందుకని ఇంట్లో వాడుకునే లేజర్ టోపీ ఒకటి తెప్పించుకున్నాడు. దాని లోపలంతా చిన్నచిన్న ఎర్రదీపాలు. రోజూ పొద్దున్నే తలకి పెట్టుకుని కదలకుండా కూర్చుంటే జుట్టు మొలుస్తుందని పెట్టె మీద రాసి ఉంది. కదలకూడదు గనక మృదంగం ముట్టుకోడానికి లేదు. అలా పొద్దుటి సాధన కాస్తా టోపీకి బలైపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. మొదటిసారి ఒక పెద్ద విద్వాంసుడి పక్కన వాయించమని సంగీత సభవాళ్ళు కబురు పెడితే, జుట్టు వచ్చాక వేదికెక్కుదామని తేదీ జరపమన్నాడు. వాళ్ళు కుదరదన్నారు. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకరిని పిలుచుకుంటామన్నారు.

ఆ మధ్యాహ్నమే మాస్టారింటికి వచ్చి ఉన్నదంతా చెప్పుకున్నాడు.

"అందరూ ఆ టోపీ ఉత్త బూటకమంటున్నారు మాస్టారూ. అద్దంలో చూసుకుంటే నాకు నూగుజుట్టు కనిపిస్తోంది. మా అక్క కూడా వచ్చిందిరా అంటోంది. కళ్ళారా చూసినదాన్ని నమ్మకూడదంటే ఇంక దేన్ని నమ్మాలి?"

మాస్టారి తల ఏనాడో నున్నబడింది. దాని గురించి ఆయన బెంగపడగా చూసినవాళ్ళు లేరు. ఆయన శ్రుతిపెట్టె మోగించి, మృదంగం ఒళ్ళోకి లాక్కున్నారు.

"కుడివైపు శ్రుతి కొంచెం దిగింది. సరిచేస్తాను, విని చెప్పు."

ఫణి అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు వేలితో మీటారు. నిజమే, దిగినట్టే వినిపించింది. శ్రుతి పెంచడానికి మృదంగం అంచున ఆనించి కొట్టే కొయ్యముక్క మీద రాయి దెబ్బ టక్కున వినిపించింది. మళ్ళీ మీటారు.

"ఎలా ఉంది?"

"మెరుగైంది మాస్టారూ. ఇంకాస్త ఎక్కాలి."

మళ్ళీ దెబ్బ, మళ్ళీ మీటు. ఈసారి మృదంగం నాదం శ్రుతిలో పాలల్లో చక్కెరలా కరిగిపోయింది. ఫణికి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ ఊరికే కూర్చున్న చేతులు తహతహలాడాయి.

"కలిసింది మాస్టారూ. ఇప్పుడు అచ్చంగా కలిసింది."

"కళ్ళు తెరువు."

తెరిచి చూస్తే కొయ్యముక్క మృదంగం అంచున లేదు. మాస్టారి పక్కనున్న చెక్కపీట మీద ఉంది. దెబ్బలన్నీ అక్కడే పడ్డాయి. రాయి మృదంగం దరిదాపులకే రాలేదు. ఆ మృదంగం మాస్టారు పొద్దున శ్రుతి చేసి పెట్టుకున్నదే. అప్పట్నుంచి దిగిందీ లేదు, ఎక్కిందీ లేదు.

జుట్టు పోతున్నా చెవి ఉందన్న ధీమా ఒకటి ఫణికి మిగిలింది ఇన్నాళ్ళూ. ఇప్పుడు అదీ పోయినంత దిగులేసింది.

"నా చెవి ఇంత చెడిపోయిందా మాస్టారూ?"

"నీ చెవికేం లోపం లేదు. దిగిందని నేను చెప్పాను. ఎక్కాలని నువ్వు కోరుకున్నావు. మధ్యలో చప్పుడైంది."

ఫణి పీట మీది కొయ్యముక్కని చేతిలోకి తీసుకుని చూశాడు.

"అయితే ఆ టోపీ పనిచెయ్యదంటారా?"

"అది నాకు తెలీదు. నీకూ తెలీదు."

ఫణి వరండాలోకి వెళ్ళి సభవాళ్ళకి ఫోన్ చేశాడు. వస్తున్నానని చెప్పాడు. తేదీ ఊసెత్తలేదు. తిరిగి వచ్చేసరికి మాస్టారు మృదంగాన్ని అతని చోటికి జరిపి ఉంచారు. అయినా అతనికి ఒక సందేహం మిగిలే ఉంది.

"మరి ఆ టోపీ పారెయ్యమంటారా?"

మాస్టారు నవ్వారు.

"పీటని నేనేమైనా పారేశానా? దాన్ని ఇలా లాక్కుని కూర్చో. వాయించు."