గట్టు అవతలి పచ్చమడి

గోదారి లంకలో జంతువులన్నీ కలిసి వరి పండించుకునేవి. అగ్గితెగులు పడి వరసగా రెండేళ్లు చేలు మాడిపోయాయి. ఈసారీ పంట పోతే పిల్లాజెల్లాతో లంక వదిలి పోవడమే. అందరి ఆశా ఉడుత వెంకాయమ్మ మీదే.

ఏం ఉడుతండీ బాబూ! వయసంతా ఆ ఒక్క పనికే ధారపోసింది. బురదగుంటల్లో మొలిచే అడవి వరికి ఈ తెగులు సోకదని కనిపెట్టింది. తెగులుని ఆపే జన్యువుని అందులోంచి వెతికి పట్టి, మన వరి కణాల్లో చేర్చి, గాజు సీసాల్లో మొలకలు పెంచింది. ఎన్ని సీసాలు కుళ్లిపోయాయో! మూతి తుడుచుకుని మళ్లీ మొదలెట్టేది.

చివరికి ఆ మొక్కల్ని మడిలో నాటి, తెగులు పట్టిన గడ్డి తనే తెచ్చి వాటి మీద పరిచింది.

"మతిపోయిందా పిన్నీ?" ఎద్దు సింహాద్రి లబోదిబోమన్నాడు. "చేజేతులా అంటిస్తావా?"

"అంటించకపోతే ఏది తట్టుకుంటుందో ఎలా తెలుస్తుందిరా? బతికినవాటి గింజలే మనకి విత్తనం."

దిగుబడి పోల్చి చూడ్డానికి గట్టు అవతల పాత వరి వేసి, దానికి మాత్రం తెగులు తగలనివ్వలేదు. అది పచ్చగా ఏపుగా పెరిగింది. ఇవతలి మడిలో సగం మొక్కలు చచ్చాయి, మిగిలినవాటి ఆకుల నిండా మచ్చలు.

నక్క గవర్రాజు ఆ రెండు మళ్లూ చూశాడు. 'అసలు సరుకు అవతల దాచిందన్నమాట!' అనుకుని, పచ్చమడిలో వెన్నులు కోసుకుపోయాడు.

"ఇది నేను కనిపెట్టిన విత్తనం. లంక పెత్తనం నాకిస్తే అందరికీ పంచుతా!" అన్నాడు.

"అయ్యో, అది పాత వరే! నాటకండర్రా, మాడిపోతారు!" అంది వెంకాయమ్మ.

"కడుపుమంట!" అని నవ్వాడు నక్క. కొందరు అతని పక్కకి జరిగారు. వెంకాయమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే గవర్రాజూ, నీ నారూ నా నారూ పక్కపక్కనే పోద్దాం. రెండింటి మీదా తెగులు గడ్డి పరుద్దాం."

"ఓస్, అంతేనా!"

అగ్గితెగులు చెలరేగే మంచు రోజులు రానే వచ్చాయి. నక్క నారు నిలువునా మాడింది. ఉడుత నారు మచ్చలతోనే అయినా తలెత్తుకు నిలబడింది. గవర్రాజు తోక ముడిచి రెల్లుపొదల్లోకి జారుకున్నాడు.

"పెత్తనం నువ్వే తీసుకో పిన్నీ!" అన్నాడు సింహాద్రి.

"నాకెందుకురా! బురదగుంటల్లో అడవి వరిని ఎవరూ తొక్కకుండా చూడండి చాలు. రేపు కొత్త తెగులొస్తే మళ్లీ అక్కడికే పోవాలి" అంటూ వెంకాయమ్మ సీసాలు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

దెబ్బకి నిలిచిన మొక్క గింజనే విత్తనంగా దాచుకోవాలి.