సబ్జా గింజలు కావు, చినబాబూ!

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేం కాదు. రాజులకు ఇంకా పాటల పిచ్చి ఉన్న రోజుల్లో, మొగలిపురాన్ని జయకేతుడనే రాజు ఏలేవాడు.

ఆయన సభలో పాడితే అందరూ తలలూపేవారు. తోటలో కొలను గట్టున పాడితే మాత్రం కప్పలు బెకబెకమనేవి. ఒకనాడు అతిథులు నవ్వు ఆపుకోలేకపోయారు. రాజుకు రోషం వచ్చింది.

"ఏటా వసంతోత్సవానికి ముందు కొలను తోడించి, సున్నం కొట్టించండి. నా తోటలో కప్ప అన్న మాట కూడా వినపడకూడదు!"

ఆ పని తోటపని చేసే అచ్చాయమ్మ మీద పడింది. ఏడేళ్లు కొట్టింది. వేళ్లు పగిలాయి. తోట మూగబోయింది.

ఎనిమిదో ఏడు ఆమెకు జ్వరం వచ్చి, పని పది రోజులు వెనకబడింది. ఫాల్గుణమాసంలో ఓ ఉదయం లేచి వెళ్లేసరికి, తామరాకు చాటున మెత్తని జిగురు ముద్ద తేలుతోంది. దాని నిండా నల్లటి చుక్కలు.

అచ్చాయమ్మ సున్నపు కుండ కింద పెట్టేసింది.

చిన్నప్పుడు, ఈ తోటలోనే పనిచేసే అమ్మ తనను ఈ గట్టునే కూర్చోబెట్టి, దోసిట్లో ఇలాంటి ముద్దనే ఎత్తి చూపేది. "ముట్టుకోవే, కరవదు. వానాకాలమంతా అరిచేది ఇవే" అనేది. అప్పట్లో ఇక్కడ తడిమట్టి వాసన వచ్చేది. ఇప్పుడు వచ్చేది సున్నం వాసన.

అంతలో రాజు పరివారంతో వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జాజికాయ పాలు తాగినా, తలకు నూనె పట్టించినా ఆయనకు నిద్ర రావడం లేదు.

"ఏమిటివి?" అన్నాడు, నీళ్లలోకి వంగి.

అవేమిటో అందరికీ తెలుసు. ఆ మాట అనే ధైర్యమే ఎవరికీ లేదు.

"నానిన సబ్జా గింజల్లా ఉన్నాయి ప్రభూ" అన్నాడు వంటవాడు.

"సబ్జా ఒంటికి చలవ" అన్నాడు వైద్యుడు.

"చలవ చేస్తే నిద్ర పడుతుంది" అన్నాడు మంత్రి.

"మరి ఇన్నాళ్లూ చెప్పరేం?" అని రాజు దోసెడు ఎత్తి నోటిదాకా తెచ్చాడు.

అచ్చాయమ్మ లెక్క వేసుకుంది. ఊరుకుంటే పోయేది ఒక్క దోసెడే, మిగతావి బతుకుతాయి. నోరు తెరిస్తే అన్నీ పోతాయి, తన కొలువుతో సహా.

"తాగకండి చినబాబూ! అవి కప్ప గుడ్లు."

వంటవాడికి ఉన్నట్టుండి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. రాజు చేతుల్లోంచి ముద్ద నీళ్లలోకి జారింది.

"సున్నం ఏదీ?" అని అరిచాడు.

"ఇదిగో కుండ. కొట్టమంటే కొడతాను. ఒక్క మాట చెప్పాక. మీకు నాలుగేళ్లప్పుడు కప్పల చప్పుడు వినపడందే మీరు కన్ను మూసేవారు కాదు. రాణీ అమ్మగారు భుజాన వేసుకుని ఈ గట్టునే తిప్పేవారు. కప్పలు అరవని రోజున మా అమ్మ పొదల వెనక కూర్చుని తనే బెకబెకమనేది."

రాజు ఆ పొదల వైపు చూశాడు.

"అది మీ అమ్మా?"

"మా అమ్మే. మంచి గొంతు."

ఆయన వైద్యుడి వైపు తిరిగాడు. "నాకు నిద్ర పట్టక ఎన్నేళ్లయింది?"

"ఏడేళ్లు, ప్రభూ."

"కొలనుకు సున్నం కొట్టడం మొదలై?"

వైద్యుడు మంత్రి వైపు చూశాడు.

"ఏడేళ్లే" అంది అచ్చాయమ్మ.

రాజు సున్నపు కుండను తనే ఎత్తి, గోడ అవతల పెట్టి వచ్చాడు.

తొలకరి పడిన సాయంత్రం సభలో ఆయన రాగం అందుకున్నాడు. కొలను వైపు నుంచి ఒక గొంతు కలిసింది, తర్వాత పది, ఆపైన లెక్కలేనన్ని. ఈసారి ఆయన పాట ఆపి విన్నాడు. భోజనానికి పిలుపు వచ్చేసరికి సింహాసనం మీదే గురక పెడుతున్నాడు.

గట్టు మీద అచ్చాయమ్మ కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. అన్ని గొంతుల్లోనూ ఒకటి అచ్చం అమ్మలా అరుస్తోందనిపించి, నవ్వుకుంది.

ఇచ్చకాలు చెప్పిన ముగ్గురూ రాజుకు నిద్ర తేలేకపోయారు, నచ్చని నిజం చెప్పిన ఒక్కతే తెచ్చింది. కాబట్టి పిల్లలూ, మన మేలు కోరేవాళ్లెవరో వాళ్లు చెప్పే నిజాన్ని బట్టి తెలుసుకోవాలి.