నడిచొచ్చినవాళ్ల ఆకలి

ఆ ఏడు నువ్వుల ధర మండిపోయి పైడమ్మ ఇంట్లో గానుగ ఆగిపోయింది. దాని వెనకే పొయ్యీ చల్లారింది. ధరలకు తట్టుకోలేని ఇళ్లకూ, పని ఆగిన వృత్తులవారికీ కొఠారు ధాన్యం పంచమని రాజుగారు చాటింపు వేయించారు. మంచం పట్టిన అత్తను పొరుగువాళ్లకు అప్పగించి పైడమ్మ కోటకు వెళ్లింది.

కొఠారు అధికారి నరసరాజు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇంత దూరం నడిచొచ్చావు. నిజంగా ఆకలైనవాళ్లు నడవలేరు. పో."

"నడవలేనివాళ్లు ఎలా అడుగుతారు బాబూ?"

"వాళ్ల ఇళ్లకు నేనే వచ్చి చూస్తాను."

అతను వచ్చేసరికి అత్త కన్నుమూసింది. ఇరుకు సందుల్లో పల్లకీ పట్టక, నరసరాజు మధ్యాహ్నం దాకా ఇల్లిల్లూ నడిచి తిరిగాడు. ఎవరింట్లోనూ మెతుకు లేదు. చివరికి పైడమ్మ అరుగు మీద కూలబడ్డాడు. లోపల, పొరుగూరి చుట్టాలు తెచ్చిన గంజి కనిపించింది.

"ఆకలిగా ఉంది. కాస్త గంజి పొయ్యమ్మా."

"ఊరంతా నడిచొచ్చారు కదా బాబూ. మీకు ఆకలేమిటి?"

వీధిలో జనమంతా చూస్తున్నారు. నరసరాజు తల దించుకున్నాడు. "నడిచినవాళ్లకీ ఆకలేస్తుంది," అన్నాడు.

పైడమ్మ గంజి పోసింది. మర్నాడు నడిచొచ్చిన అందరికీ కొఠారు తలుపులు తెరిచారు.

ఎంత బాగా అడిగావని ఊరంతా మెచ్చుకుంది. అలాంటి మాటేదో కోటలోనే తోచి ఉంటే అత్త బతికేదని, పైడమ్మ ఉడికిన అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.